పీత బొరియ ఉన్న గొట్టం: కోరింగ బురద ప్రాజెక్టు డైరీ

నవంబరు 18

అటవీశాఖ అనుమతి కాగితం ఈ రోజు చేతికొచ్చింది. కోరింగ అభయారణ్యంలో రెండు చోట్ల బురద తీసుకోవచ్చు, జూన్ నెలాఖరు దాకా. నేను కాకినాడలో ఒక డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. ఈ పనికి నా దగ్గరున్నవి పాత స్పెక్ట్రోఫొటోమీటరు (నీళ్ళ రంగు ఎంత చిక్కనో కొలిచే పరికరం) ఒకటి, ఉత్సాహమున్న ఫైనలియర్ పిల్లలు ఇద్దరు, ఆదివారాలు.

నాకు తేల్చుకోవాలని ఉన్న సంగతి ఇదీ. గోదావరి ధవళేశ్వరం దాటాక పాయలుగా చీలుతుంది. తూర్పు పాయ గౌతమి. అది యానాం దాటి సముద్రంలో కలిసేలోపు కొన్ని నీళ్ళు కోరింగ పాయలోకీ గాడేరులోకీ మళ్ళి, మడ అడవి గుండా ఉత్తరంగా కాకినాడ అఖాతంలోకి పోతాయి. అఖాతానికి తూర్పున హోప్ ఐలాండ్ ఇసుకదిబ్బ అడ్డం ఉంది, లోపల నీరు లోతు తక్కువ. ఈ దారి పొడుగునా నీళ్ళతో పాటు నత్రజని కూడా ప్రయాణం చేస్తుంది. అందులో ఎంత బురదలో ఆగుతోంది, ఎంత గాలిలో కలిసిపోతోంది, ఎంత అఖాతానికి చేరుతోంది? మొత్తం లెక్క నా వల్ల కాదు. అందులో బురద వంతు మాత్రం చూస్తాను.

నత్రజని ఎక్కడి నుంచి అంటే దూరం వెళ్ళనక్కర్లేదు. యూరియా బస్తా ఇప్పుడు 45 కిలోలు, అందులో 46 శాతం నత్రజని. అంటే బస్తాకి 20 కిలోల పైచిలుకు. పైరు తీసుకోగా మిగిలినదాంట్లో కొంత మురుగుకాలవల్లో పడుతుంది. తుల్యభాగ సప్తగోదావరుల్లో ఒకటి, పురాణంలో పెద్ద పేరు. ఇవాళ దాని పని చాలావరకు చేల మురుగు మోసుకొచ్చి చొల్లంగి దగ్గర దించడమే. అందుకే ఒక స్థలం చొల్లంగి వైపు పెట్టుకున్నాను, రెండోది దానికి దూరంగా గాడేరు ఒడ్డున.

నవంబరు 24

బురదని చెదరకుండా ల్యాబుకి తెచ్చే గొట్టాలు. అక్రిలిక్‌వి, లోపలి వ్యాసం 8 సెంటీమీటర్లు, పొడుగు 30. సగం బురద, సగం నీళ్ళు. బురద పైముఖం 50 చదరపు సెంటీమీటర్లు, పైన నీళ్ళు ముప్పావు లీటరు. ఈ రెండు అంకెలూ పలక మీద రాసి గోడకి తగిలించాను, ఇక ప్రతి లెక్కా వీటి మీదే నడుస్తుంది. ఒక వైపు అంచుని ఆకురాయితో వాలుగా అరగదీయించాను. అలా చేస్తే బురదలోకి కత్తిలా దిగుతుంది, బురద పక్కకి నలగదు.

నీళ్ళు కదులుతూ ఉండాలి. కాలవలో నీళ్ళు నిలబడవు కదా. గొట్టంలో నీరు నిలిస్తే బురద మీద ఆక్సిజన్ అయిపోయిన పొర ఒకటి కంబళిలా పరుచుకుంటుంది. పాత కంప్యూటర్లో ఫ్యాను ఊడదీసి, దానికి రెండు అయస్కాంతాలు ఎరాల్డైట్‌తో అంటించి, టబ్బు మధ్యలో పెట్టాం. చుట్టూ ఆరు గొట్టాలు. ఒక్కో గొట్టం మూతకి పెన్ను గొట్టంలో మూసిన చిన్న అయస్కాంతం వేలాడుతుంది. మధ్యది తిరిగితే ఆరూ తిరగాలి.

తిరిగాయి, మరీ ఎక్కువగా. ట్రయల్‌కి పెట్టిన బురద రెండు నిమిషాల్లో పైకి లేచి గొట్టాలన్నీ కాఫీలా అయ్యాయి. బురద లేస్తే దాని సందుల్లో ఉన్న అమ్మోనియం (నత్రజని నీళ్ళలో కరిగి ఉండే ఒక రూపం) అంతా ఒక్కసారి నీళ్ళలోకి వస్తుంది, ఇక మనం కొలిచేది మన ఫ్యాను ప్రతాపాన్ని. నిమిషానికి 60 చుట్లు తిరిగే గేరు మోటారు తెచ్చాం. ఇప్పుడు నీళ్ళు కదులుతున్నాయి, బురద కదలట్లేదు.

డిసెంబరు 7

మొదటి ట్రిప్పు. పాటు మొదలైన గంటకి బయల్దేరాం, నీళ్ళు తీసే వేళకి గాడేరు ఒడ్డున ఉండేలా. నావ నడిపే ఆయన్ని అందరిలాగే నేనూ బాబాయ్ అంటాను. ఆయనకి నేను మాస్టారు. పోటూ పాటూ ఆయనకి గడియారంతో పని లేదు, తిథి చెబితే చాలు.

ఒడ్డున దిగితే మోకాలి దాకా బురద. మడచెట్ల ఊపిరి వేళ్ళు మేకుల్లా పైకి లేచి ఉన్నాయి. వాటి మధ్య ఎక్కడ చూసినా పీత బొరియలే. నాకేమో చదునుగా, కన్నాలు లేకుండా ఉన్న చోటు కావాలి. కన్నమున్న చోట గొట్టం దించితే నీళ్ళు కన్నంలోంచి కారిపోతాయని, ఆరు గొట్టాలూ ఒకేలా ఉండవని నా భయం. పావుగంట తిరిగాను. బాబాయి నావలోంచి చూసి చూసి అన్నాడు:

"బొక్కల్లేని చోటు కావాలంటే ఈ ఒడ్డున దొరకదు మాస్టారూ. పీతలకి ఇల్లుండద్దా?"

చివరికి చెట్ల నుంచి కాస్త కిందికి, నీటి అంచున, బల్లపరుపుగా ఉన్న నాలుగు గజాల జాగా దొరికింది. గొట్టం నిటారుగా పెట్టి రెండు అరచేతులతో మెల్లగా దించాలి. సగం దిగాక పైన రబ్బరు బిరడా బిగించాలి. అప్పుడు పక్కలకి ఊపుతూ లాగితే గాలి చొరక బురద జారదు. పైకి తీసేముందు అడుగుకి చెయ్యి పోనిచ్చి రెండో బిరడా పెట్టాలి. చెప్పినంత సులువు కాదు. ఎనిమిది తీస్తే ఆరు నిలిచాయి. ఉప్పదనం లీటరుకి 17 గ్రాములు, వరద నీటి తీపి ఇంకా పూర్తిగా పోలేదు.

డిసెంబరు 8

రాత్రంతా గొట్టాలు తెరిచి, టబ్బులో కాలవ నీళ్ళలో ముంచి, అక్వేరియం పంపుతో గాలి పట్టించాం. రెండు గంటలకి కరెంటు పోయిందట. పొద్దున్నకి ఆక్సిజన్ సగానికి పడిపోయింది, ఈ విడత పోయినట్టే. వాచ్‌మన్ నిద్రలేపి ఉంటే బాగుండేది, కానీ ఆయనకి ఆ పని నేను చెప్పలేదు. రొయ్య పిల్లల్ని లారీల్లో తీసుకెళ్ళేవాళ్ళు వాడే బ్యాటరీ పంపు ఒకటి కొన్నాను. ముందే కొనాల్సింది.

డిసెంబరు 22

రెండో విడత. పద్ధతి ఇది: గొట్టాలు చీకట్లో పెడతాం, నల్ల గుడ్డ కప్పి. వెలుతురుంటే బురద మీది నాచు నత్రజనిని తినేస్తుంది, లెక్క కలగాపులగం అవుతుంది. మూత బిగించి, నాలుగు గంటల్లో నాలుగుసార్లు సిరంజితో నీళ్ళు తీసి వడగట్టి ఐసులో పెడతాం. అమ్మోనియంకి నీలిరంగు పరీక్ష, నత్రజని ఇంకో రూపమైన నైట్రేట్‌కి గులాబిరంగు పరీక్ష. ఆక్సిజన్ కొలవడానికి తెలిసిన వనామి రొయ్యల రైతు దగ్గర డీవో మీటరు అరువు తెచ్చాను. ఈ జిల్లాలో ఏ కాలేజీలో లేకపోయినా చెరువు గట్టు మీద డీవో మీటరు ఉంటుంది.

ఆరు గొట్టాల్లోనూ అమ్మోనియం జోరుగా పెరిగింది. సంతోషించాను. తర్వాత ఖాళీ సీసా, అంటే బురద దగ్గరికి మాతో పాటు తీసుకెళ్ళి తెచ్చిన వట్టి డిస్టిల్డ్ వాటర్ సీసా, అది కూడా నీలిరంగుకి తిరిగింది. కాలవ నీళ్ళ కంటే ఎక్కువ నీలం. సంతోషం అక్కడితో సరి.

డిసెంబరు 26

నాలుగు రోజులు ఆ నీలం వెనకే తిరిగాం. డిస్టిల్డ్ వాటర్ మార్చాం. ఫినాల్ కొత్త సీసా తెరిచాం. ల్యాబు నేల తుడిచే ద్రావణం మీద అనుమానపడి రెండు రోజులు తుడవనివ్వలేదు. ల్యాబులోనే ఉంచిన ఖాళీ సీసా మాత్రం తెల్లగానే ఉంది. అంటే తప్పు ప్రయాణంలో ఉంది.

ఇద్దరిలో అమ్మాయి కనిపెట్టింది. "సార్, పెట్టె వాసన చూడండి." థర్మాకోల్ పెట్టె నేను చేపల మార్కెట్లో తెలిసినాయన దగ్గర తెచ్చాను. ఎన్ని నెలలు రొయ్యలు మోసిందో దానికే తెలియాలి. అడుగున కరిగిన ఐసు నీళ్ళలో రొయ్యల రసం, అందులో మా సీసాలు మెడ దాకా. ఆ నీళ్ళని పదిరెట్లు పలచన చేసి పరీక్షిస్తే స్కేలు దాటిపోయింది. మూత సందుల్లోంచి ఒక్క చుక్క వెళ్ళినా మా పని అంతే. కొత్త పెట్టె, ప్రతి సీసాకి విడిగా జిప్ కవరు. డిసెంబరు లెక్కలన్నీ కొట్టేశాను.

జనవరి 11

మూడో విడత, గాడేరు. ఈసారి ఖాళీ సీసాలు తెల్లగా ఉన్నాయి. అంకెలు నమ్మొచ్చు.

ఐదు గొట్టాలు అన్నదమ్ముల్లా నడిచాయి. ఉదాహరణకి రెండో నంబరు: నాలుగు గంటల్లో ఆక్సిజన్ లీటరుకి 6.0 నుంచి 4.4 మిల్లీగ్రాములకి దిగింది. అమ్మోనియం లీటరుకి 6 మైక్రోమోల్‌లు (బరువు కాదు, అణువుల సంఖ్యతో వేసే కొలత) పెరిగింది. గొట్టంలో ముప్పావు లీటరు కాబట్టి మొత్తం నాలుగున్నర మైక్రోమోల్‌లు. గోడ మీది పలక చూసి చదరపు మీటరుకి మారిస్తే గంటకి 225. బురదలో సూక్ష్మజీవులు ఆకూ అలమూ కుళ్ళబెడుతున్నాయి, అందులోని నత్రజని అమ్మోనియంగా బయటికొస్తోంది. పాఠంలో చెప్పేదే.

నాలుగో నంబరు గొట్టం పాఠం వినలేదు. ఆక్సిజన్ 6.0 నుంచి 3.0కి పడిపోయింది. అంత ఊపిరి పీల్చిన బురద అమ్మోనియం ఎక్కువ వదలాలి. వదిలింది లీటరుకి మూడున్నర మైక్రోమోల్‌లే. పైగా నీళ్ళలో ఉన్న నైట్రేట్ కూడా మిగతావాటికంటే ఎక్కువ తగ్గింది. మూత సరిగ్గా పడలేదేమో అనుకుని ఎర్ర సిరాతో కొట్టేశాను.

జనవరి 12

గొట్టాలు ఖాళీ చేస్తున్నాం. ఒక్కో బురద దిమ్మని కిందనుంచి పైకి నెట్టి, గాలం తీగ అడ్డంగా పట్టి నిలువునా రెండుగా కోస్తాం. పైన రెండు మూడు మిల్లీమీటర్లు గోధుమరంగు, దాని కింద అంతా కాటుక నలుపు, కుళ్ళిన గుడ్డు వాసన. ఆ గోధుమరంగు పొర ఆక్సిజన్ చేరేంత మేర. కింద ఆక్సిజన్ లేదు. రెండింటి నడుమ గీత పదునుగా ఉంటుంది.

నాలుగో దిమ్మ కోస్తే అందులో బొరియ. చిటికెన వేలు పట్టేంత. పైన సన్నని బురద పూత మూసుకుని ఉండడంతో తీసేటప్పుడు కనబడలేదు. బొరియ వంపు తిరిగి పన్నెండు సెంటీమీటర్లు దిగింది, దాని గోడ పొడుగునా గోధుమరంగు చారిక, తుప్పు పట్టిన గొట్టంలా. చుట్టూ నలుపు. అడుగున ఒక పెద్ద డెక్క, ఒక చిన్న డెక్క ఉన్న పీత, నన్ను చూసి పెద్ద డెక్క పైకెత్తింది.

ఎర్ర సిరా గీత మీద "కాదు" అని రాశాను.

ఇది రాయకపోతే నేనే మర్చిపోతాను. అమ్మోనియంని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియాకి ఆక్సిజన్ కావాలి. ఆ నైట్రేట్‌ని నత్రజని వాయువుగా మార్చి గాలిలోకి వదిలేవాటికి ఆక్సిజన్ ఉండకూడదు. ఒకటి వంటగది, ఒకటి చీకటిగది, రెండూ పక్కపక్కనే ఉంటేనే పని సాగుతుంది. చదును బురదలో ఆ రెంటికీ ఉమ్మడి గోడ పైముఖం ఒక్కటే. పీత బొరియ తవ్వి, పోటుకీ పాటుకీ కొత్తనీళ్ళు లోపలికి పోనిస్తే గోడ బొరియ పొడుగునా కిందికి సాగుతుంది. 50 చదరపు సెంటీమీటర్ల గొట్టంలో ఆ ఒక్క బొరియ లోపలి గోడ ఇంకో 45 దాకా కలిపింది, స్కేలు పెట్టి కొలిచాం. దాదాపు రెట్టింపు.

అయితే ఇన్నాళ్ళూ నేను కావాలని వెతికింది పీతలు లేని బురద.

చొల్లంగి అమావాస్య

తీర్థానికి జనం. పుష్యమాసం అమావాస్యకి తుల్యభాగ సముద్రంలో కలిసే చోట స్నానాలు. సప్తసాగర యాత్రకి ఇదే మొదటి రేవు. మా స్థలం అక్కడికి కొంచెం ఎడంగా ఉన్నా అటు పోయే దారంతా ఆటోలు. గొట్టాలు పట్టుకుని నడుస్తుంటే ఒక పెద్దావిడ "గంగనీళ్ళకి అంత పెద్ద గొట్టాలెందుకు నాయనా" అంది.

అమావాస్య కాబట్టి పాటుకి నీళ్ళు బాగా తీశాయి, బురద చాలా దూరం తేలింది. ఈ రోజు గొట్టాలు దించలేదు, లెక్కపెట్టాం. అర మీటరు చతురస్రం పీవీసీ పైపుతో చేసి, కళ్ళు మూసుకుని విసిరి, పడ్డచోట బొరియలు ఎంచడం. చెట్ల కింద 23, 31, 17, 28. చెట్లకీ నీటికీ మధ్య 19, 12, 22. నీటి అంచున, నేను చదునుగా ఉందని మురిసిన చోట, 2, 0, 3. ఇరవైసార్లు విసిరితే సున్నా వచ్చింది మూడుసార్లు. కళ్ళు తెరిచి విసిరితే తెలియకుండానే చెయ్యి ఖాళీ చోటుకి పోతోందని పిల్లవాడు గమనించి నా కళ్ళకి రుమాలు కట్టాడు.

ఫిబ్రవరి 15

కొత్త ప్లాను. ఒక్కో చోటా మూడు గొట్టాలు బొరియతో, మూడు లేకుండా. లేని వాటిలో ఒకదాంట్లో పీతను వదిలి వారం ఆగి చూడాలి. పీత కూడా ప్రాణే, అదీ అమ్మోనియా విసర్జిస్తుంది. కాబట్టి బురద లేకుండా వట్టి వడగట్టిన నీళ్ళలో పీత ఒక్కదాన్నే పెట్టిన గొట్టం ఇంకోటి. ఇది లేకపోతే లెక్కలో పీత మూత్రం ఎంతో బురద ఎంతో విడదీయలేం.

వదిలిన పీత మొదటి రాత్రే గొట్టం ఎక్కి టబ్బులోంచి దిగి వెళ్ళిపోయింది. ఫిజిక్స్ స్టాఫ్‌రూములో బీరువా కింద దొరికింది. ఆ గదిలో వాళ్ళు ఇంకా నాతో సరిగ్గా మాట్లాడట్లేదు. గొట్టం మీద దోమతెర కట్టి మళ్ళీ వదిలాం.

ఫిబ్రవరి 23

వారం గడిచింది. పీత మూడో రోజుకి బొరియ పూర్తి చేసింది. గొట్టం గోడని ఆనుకునే తవ్వింది కాబట్టి బయటినుంచి అంతా కనబడుతోంది. మొదటి రోజు బొరియ గోడ నల్లగానే ఉంది. ఐదో రోజుకి గోధుమ చారిక మొదలైంది, ఏడో రోజుకి రెండు మిల్లీమీటర్లు. పిల్లలు రోజూ సాయంత్రం ఆ చారికని ఫోనుతో ఫొటో తీశారు, పెళ్ళికూతురి గోరింటాకు పండుతోందా అన్నంత శ్రద్ధగా.

అంకెలు కూడా ఆ చారికతో పాటే కదిలాయి. మొదటి రోజు కొలిస్తే పీత ఉన్న గొట్టంలో అమ్మోనియం ఎక్కువ. అది తవ్వి పోసిన కింది బురదది, పీతది. వారం తర్వాత ఆక్సిజన్ వాడకం ఎక్కువ, అమ్మోనియం తక్కువ, నాలుగో నంబరు గొట్టం లాగే. మొదటి రోజే ఆపేసి ఉంటే పీతలు నత్రజనిని నీళ్ళలోకి కలుపుతున్నాయని రాసి పారేసేవాణ్ణి.

చొల్లంగి గొట్టాల్లో తేడా ఇంకా పెద్దది. అక్కడి నీళ్ళలో నైట్రేట్ ముందే ఎక్కువ. రబీ నాట్లయ్యి చేలల్లో యూరియా చల్లుతున్న రోజులివి. బొరియ ఉన్న గొట్టాలు ఆ నైట్రేట్‌ని లేనివాటికంటే వేగంగా లాగేస్తున్నాయి.

మార్చి 8

నత్రజని ఎంత "మాయం" అవుతోందో లెక్క కట్టాను. సముద్రపు నాచులో కార్బన్, నత్రజని, ఫాస్ఫరస్ 106కి 16కి 1 చొప్పున ఉంటాయని రెడ్‌ఫీల్డ్ అనే శాస్త్రవేత్త చూపించిన నిష్పత్తి. ఆ లెక్కన అలాంటి సరుకు కుళ్ళేటప్పుడు ఖర్చయ్యే ప్రతి 6.6 ఆక్సిజన్ అణువులకీ ఒక అమ్మోనియం రావాలి. బొరియ లేని రెండో నంబరు: లీటరుకి 1.6 మిల్లీగ్రాములు, అంటే 50 మైక్రోమోల్‌ల ఆక్సిజన్ పోయింది, 7.6 అమ్మోనియం రావాలి, 6 వచ్చింది. ఫరవాలేదు. బొరియ ఉన్న నాలుగో నంబరు: 94 పోయింది, 14 రావాలి, మూడున్నర వచ్చింది. పదిన్నర లేదు. అది నత్రజని వాయువై ఎగిరిపోయింది! కాగితం పట్టుకుని స్టాఫ్‌రూముకి పరిగెత్తాను (మాది, ఫిజిక్సుది కాదు).

బోటనీ మేడం కాగితం చూసి, టీ తాగి, అప్పుడు అన్నారు. "మీ బురద తినేది నాచు కాదు కదండీ. మడాకు కదా. మడాకులో కార్బనే తప్ప నత్రజని ఎక్కడుంది? రాలే ముందే చెట్టు దాన్ని వెనక్కి లాగేసుకుంటుంది."

నిజమే. రాలిన మడాకులో కార్బన్ పాలు నాచుకంటే ఎన్నో రెట్లు. అలాంటి ఆకు కుళ్ళేటప్పుడు బ్యాక్టీరియా అమ్మోనియం వదలడం అటుంచి, తమ ఒంటికోసం నీళ్ళలోదే తీసుకుంటాయి. పీతలు చేసే పనుల్లో ఆకుల్ని బొరియలోకి ఈడ్చుకుపోవడం ఒకటి. కాబట్టి నా పదిన్నరలో ఎంత గాలిలోకి పోయింది, ఎంత బ్యాక్టీరియా ఒంట్లో చేరి బురదలోనే ఆగింది, ఈ లెక్క చెప్పదు. మొదటిది పోయిన నత్రజని. రెండోది దాచిన నత్రజని, ఎప్పుడో మళ్ళీ బయటికొస్తుంది. అఖాతానికి రెండూ ఒకటి కాదు.

రెండు రోజులు డైరీ ముట్టుకోలేదు.

మార్చి 22

వాయువునే కొలవాలి. తిప్పలు ఇక్కడే. గాలితో సమంగా ఉన్న నీళ్ళలో కరిగిన నత్రజని వాయువు లీటరుకి 400 మైక్రోమోల్‌ల దరిదాపు ఎప్పుడూ ఉంటుంది. మా బురద దానికి కలిపేది పదో పరకో. నిండు చెరువులో చెంబుడు నీళ్ళు పోసి మట్టం కొలిచినట్టు.

చవకదారి ఎసిటిలీన్. ఆ వాయువు నైట్రేట్ నత్రజని వాయువయ్యే దారిలో చివరి మెట్టుని ఆపేస్తుంది, నత్రజని వాయువు బదులు నైట్రస్ ఆక్సైడ్ పోగవుతుంది, దాన్ని కొలవడం తేలిక. కానీ అదే ఎసిటిలీన్ అమ్మోనియం నుంచి నైట్రేట్ తయారవడాన్ని కూడా ఆపేస్తుంది. బొరియ గోడలో జరుగుతోందని నేననుకుంటున్నదే ఆ జోడు పని. కొలవబోయేదాన్నే చంపి కొలవడం దేనికి? వద్దనుకున్నాను.

మిగిలింది 1992లో నీల్సన్ అనే శాస్త్రవేత్త చెప్పిన పద్ధతి. మామూలు నత్రజని పరమాణువు బరువు 14. బరువు 15 ఉన్నది ప్రకృతిలో 0.37 శాతం. ఆ 15 బరువుదానితో చేసిన నైట్రేట్ కొంచెం గొట్టం నీళ్ళలో కలిపితే, బురద దాన్నీ మామూలుదాన్నీ కలిపి జంటలు కడుతుంది. 14తో 14 కలిస్తే 28, అది గాలిలో బోలెడు ఉంది కాబట్టి కనబడదు. 14తో 15 కలిస్తే 29, రెండు 15లు కలిస్తే 30. ఈ రెండూ ఎంతెంత వచ్చాయో చూస్తే కనబడని 28 ఎంతో లెక్కకి దొరుకుతుంది. నీళ్ళ నైట్రేట్ నుంచి వచ్చినది వేరే, బురదలోనే పుట్టిన నైట్రేట్ నుంచి వచ్చినది వేరే కూడా చెప్పొచ్చు. అనామాక్స్ అనే రకం బ్యాక్టీరియా అమ్మోనియంని నైట్రైట్‌తో నేరుగా జత కట్టి వాయువు చేస్తే ఈ లెక్క కాస్త తప్పుతుంది, అందుకని కలిపే నైట్రేట్ మోతాదు మార్చి మార్చి చూడాలి.

15 నైట్రేట్ గ్రాము ధర విని మా ప్రిన్సిపాల్ ఒకటికి రెండుసార్లు "గ్రామా, కిలోనా" అని అడిగారు. అణువుల బరువులు విడదీసి చూపే మాస్ స్పెక్ట్రోమీటరు ఉన్న ఒక ల్యాబు వాళ్ళు సీసాలు పంపితే నడిపిపెడతామన్నారు.

ఏప్రిల్ 12

ఎండ. గాడేరులో ఉప్పదనం 31. పైనుంచి నీళ్ళు దాదాపు రావట్లేదు, ఉన్న నీరే పోటుకి పైకి, పాటుకి కిందికి ఊగుతోంది. వరదల్లో సంగతి వేరు. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులు దాటి మొదటి హెచ్చరిక ఎగరేసే రోజుల్లో ఉప్పునీటిని మొగ బయటికి తోసేసి గౌతమి నిండా మంచినీరే. అప్పుడు నత్రజని ఈ బురదని పలకరించకుండానే సముద్రంలో పడుతుంది. నీరు ఎన్నాళ్ళు నిలిస్తే బురదకి అంత పని దొరుకుతుంది. ఆ లెక్కన ఎండాకాలమే బురద బాగా పనిచేసే కాలమని నేను అనుకుంటూ వచ్చాను.

కానీ ఈ విడత దిమ్మలు కోస్తుంటే కళ్ళలో నీళ్ళు వచ్చాయి, అంత ఘాటు. ఉప్పునీటితో వచ్చిన సల్ఫేట్ కింద సల్ఫైడ్‌గా మారుతోంది. అమ్మోనియంని నైట్రేట్ చేసే బ్యాక్టీరియాకి సల్ఫైడ్ విషం. పైగా అది పెరిగితే ఇంకో రకం బ్యాక్టీరియా జోరందుకుంటుంది, అవి నైట్రేట్‌ని వాయువు చేసి వదిలెయ్యవు, మళ్ళీ అమ్మోనియం చేసేస్తాయి. అంటే గుమ్మం దాకా వెళ్ళిన చుట్టాన్ని చెయ్యిపట్టి వెనక్కి లాక్కొచ్చినట్టు. నత్రజని కాలవలోనే ఉండిపోతుంది. బొరియ లేని గాడేరు గొట్టాల్లో ఈసారి అమ్మోనియం జనవరి కంటే ఎక్కువ. బొరియ గోడ చారిక ఉంది గానీ సన్నబడింది.

15 నైట్రేట్ ప్రయోగం కూడా ఇదే విడతలో చేశాం. ఒక్కో గొట్టం ఒక్కో సమయానికి బలి: ఆపాల్సిన వేళకి జింక్ క్లోరైడ్ పోసి సూక్ష్మజీవుల్ని ఆపి, బురదా నీళ్ళూ మెల్లగా కలిపి, గాలి బుడగ లేకుండా చిన్న సీసాలో నింపి మూత బిగించాలి. బుడగ ఉంటే అందులో ఉన్న గాలి మన అంకెని మింగేస్తుంది. సీసా తలకిందులు చేసి గోరుతో కొట్టి చూస్తాం. మొదటి పన్నెండులో ఏడింట్లో బుడగ తేలింది. నీళ్ళ అడుగునే మూత పెట్టడం మొదలెట్టాక తగ్గింది. 48 సీసాలు కొరియర్లో వెళ్ళాయి, కొత్త థర్మాకోల్ పెట్టెలో.

మే 29

అంకెలు వచ్చాయి. తొందరపడి ఎక్కువ చెప్పను.

చొల్లంగిలో బొరియ ఉన్న గొట్టాల్లో 29, 30 రెండూ బొరియ లేనివాటి కంటే స్పష్టంగా ఎక్కువ. వాటిలో ఎక్కువ భాగం పైనీళ్ళ నైట్రేట్ నుంచే. అంటే మురుగుకాలవ తెచ్చిన దాన్నే బొరియలు లోపలికి పీల్చి వాయువుగా వదులుతున్నాయి. ఆ మేరకు నా మార్చి నెల సంతోషం పూర్తిగా తప్పు కాదు. గాడేరులో తేడా సన్నం. ఆరు గొట్టాల మధ్య వ్యత్యాసమే అంతకంటే పెద్దదిగా ఉంది. అక్కడ నీళ్ళలో నైట్రేట్ తక్కువ, సల్ఫైడ్ ఎక్కువ. మాయమైన పదిన్నరలో అక్కడ ఎక్కువ భాగం బోటనీ మేడం చెప్పిన మడాకు వాటాయే అయ్యుండాలి. మేడానికి ఆ సంగతి చెప్పి టీ ఇప్పించాను.

జూన్ 28

అనుమతి ఎల్లుండితో అయిపోతుంది. పొడిగింపు అడుగుతూ ఉత్తరం పెట్టాను, ఈసారి "బొరియలు ఉన్న చోట్ల" అని స్థలాల వివరంలో రాసి. గొట్టాలు కడిగి ఆరబెట్టాం. నాలుగో నంబరు గొట్టం మీద గీతలు పడ్డాయి, అయినా మార్చను. కంపెనీవాడు కొత్త బ్యాచిలో వ్యాసం ఒక మిల్లీమీటరు తేడా పంపాడు, పలక మీద అంకె మార్చాల్సొస్తుంది.

జూలై 14

పొద్దున్నే బాబాయి ఫోన్. "ఎర్రనీరు దిగింది మాస్టారూ. గొట్టాలు తెస్తారా?"

కాగితం ఇంకా రాలేదు, బురద ముట్టుకోవడానికి లేదు. నీళ్ళకి ఎవరూ అడ్డు చెప్పరు కదా అని యానాం ఎదుర్లంక వంతెన మీదికి వెళ్ళి, తాడు కట్టిన బకెట్టుతో గౌతమి నీళ్ళు తోడాం. వంతెన మీద ఆగి ఎంతమంది చూశారో. ఉప్పదనం చూసే రిఫ్రాక్టోమీటరులో గీత సున్నా మీద. ఏప్రిల్లో లీటరు వడగట్టిన కాగితం ఈ నీటికి 60 మిల్లీలీటర్లకే మూసుకుపోయింది. సాయంత్రం దాకా నాలుగు కాగితాలు మార్చి పరీక్షకి సరిపడా రాబట్టాం. మిగిలిన నీళ్ళు గాజు సీసాలో కిటికీ దగ్గర పెట్టి ఇంటికొచ్చాను. రేపు పొద్దున చూస్తే అడుగున గోరు మందం ఒండ్రు ఉంటుంది, దాన్ని తూచాలి.